‘బ్లడ్‌స్పోర్ట్’: మన పేరు పిలిచే దాకా

పోయిన శనివారం సాయంత్రం క్లాసు అయ్యాక మా సీనియర్ పిల్లలు ఆరుగురిని ఇంటికి పిలిచి ‘బ్లడ్‌స్పోర్ట్’ చూపించాను. అందరూ డిగ్రీ చదువుతున్నవాళ్లు, బ్రౌన్ బెల్టులు. నేను ఏలూరులో కరాటే నేర్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ఈ సినిమా గురించి క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈసారి చూపించేద్దామనుకున్నాను. “1988 సినిమానా మాస్టర్? మేం పుట్టకముందుది. ఫైట్లు స్లోగా ఉంటాయేమో” అని ఒకడు ముందే పెదవి విరిచాడు. గంట గడవకముందే అదే కుర్రాడు చేతిలో ఉన్న బజ్జీల ప్లేటు కింద పెట్టి, “మాస్టర్, వీడితో హీరోకి ఫైట్ ఎప్పుడండీ?” అని అడిగాడు. వీడంటే చాంగ్ లీ. అప్పటికి చాంగ్ లీ హీరో ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

ఆ ప్రశ్న మన నోటి నుంచి రప్పించడానికే ఈ సినిమా తీశారని నా నమ్మకం. నేను దీన్ని ముప్పైసార్లకు పైనే చూసి ఉంటాను. చూసిన ప్రతిసారీ, జవాబు తెలిసి కూడా, నాకూ అదే ప్రశ్న వస్తుంది.

కథ చిన్నది. ఫ్రాంక్ డ్యూక్స్ అనే అమెరికన్ సైనికాధికారి చిన్నప్పుడు సెంజో తనాకా అనే జపాన్ గురువు దగ్గర విద్య నేర్చుకుంటాడు. హాంకాంగ్‌లో రహస్యంగా జరిగే ‘కుమితే’ అనే పోటీలో గురువు వంశం తరఫున బరిలో దిగాలని అతని పట్టుదల. సైన్యం వద్దంటుంది, అతను చెప్పకుండా వెళ్లిపోతాడు, వెనక్కి తీసుకురమ్మని ఇద్దరు అధికారులను పంపుతారు. ఇక అక్కడి నుంచి మూడు రోజుల పోటీ. మొత్తం గంటన్నర సినిమా. జాన్ క్లాడ్ వాన్ డామ్‌ను హీరోగా ప్రపంచానికి పరిచయం చేసింది ఇదే. తీసింది కానన్ ఫిల్మ్స్, దర్శకుడు న్యూట్ ఆర్నాల్డ్. ఖర్చు ఇరవై లక్షల డాలర్లకు అటూ ఇటూ. ఒక్క అమెరికాలోనే కోటి డాలర్లు దాటి వసూలు చేసింది.

కుమితే అనే మాట దగ్గర కాస్త ఆగాలి. కరాటే నేర్చుకున్నవాళ్లకి అది రోజూ వినే మాట. కటా అంటే ఒంటరిగా చేసే వరస, కుమితే అంటే ఎదురుగా మనిషిని పెట్టుకుని తలపడటం. మా క్లాసులో తొమ్మిదేళ్ల పిల్లలు కూడా “ఈ రోజు కుమితే ఉందా మాస్టర్?” అని అడుగుతారు. అలాంటి మాటని సినిమాలో వందల మంది గుప్పిళ్లలో డబ్బు పట్టుకుని “కుమితే! కుమితే!” అని అరుస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. మన వీధి పేరు రేడియోలో విన్నట్టుంటుంది.

నేను దీన్ని మొదటిసారి చూసింది 1992లో. మా సీనియర్ ఒకాయన వీసీఆర్ అద్దెకు తెచ్చాడు, ఒక రాత్రికి మూడు క్యాసెట్లు. ఇది రెండోది. ఇంగ్లిష్ మాటలు నాకు సగం కూడా అర్థం కాలేదు, అయినా ఒక్క చోట కూడా ఇబ్బంది పడలేదు. ఎందుకంటే ఇందులో విషయమంతా చూడటంలోనే ఉంది. పోటీ నియమాలు ఒక్క నిమిషంలో చెప్పేస్తారు. ఎదుటివాడు స్పృహ తప్పి పడిపోవాలి, లేదా ‘మత్తే’ అని ఓటమి ఒప్పుకోవాలి, లేదా వేదిక మీంచి కింద పడాలి. అంతే. బరువును బట్టి విభాగాలు లేవు, పాయింట్లు లేవు. (జపనీస్‌లో మత్తే అంటే ‘ఆగు’ అని అర్థం. ఓడిపోయానని ఒప్పుకునే మాట ‘మైత్తా’. సినిమావాళ్లు ఆ రెండూ కలిపేసినట్టున్నారు. మా పిల్లలకి ఈ తేడా చెప్పాకే టీవీ ఆన్ చేశాను.)

నియమాలు తెలిశాక మనం కూడా ఆ గట్టు పక్కన కూర్చున్న ఫైటర్లలో ఒకరమైపోతాం. ఈ సినిమా బలమంతా ఇక్కడే ఉంది. మామూలు యాక్షన్ సినిమాలో విలన్ ఎంత గట్టివాడో మాటల్లో చెబుతారు, లేదా అమాయకుల్ని కొట్టించి చూపిస్తారు. ఇక్కడ ఆ పని పోటీయే చేసి పెడుతుంది. ఒక్కొక్కడు ఒక్కో విద్యతో వస్తాడు. ఒకడు థాయ్‌లాండ్ పోరు విద్య ముయే థాయ్‌ నేర్చినవాడు, మోకాళ్లూ మోచేతులే వాడి ఆయుధాలు. ఒకడు సుమోవాడు, కొండలా నిలబడతాడు. ఒకడు కోతిలా నేల మీద పాకుతూ కాళ్ల దగ్గరికి వస్తాడు. రెండు మూడు బౌట్లు చూసేసరికి ఎవడి మీద ఎవడు గెలుస్తాడో మనమే పందెం కాయడం మొదలుపెడతాం. మా పిల్లలైతే గట్టిగానే కాశారు. ఆ అంచనాలన్నీ చాంగ్ లీ వచ్చేసరికి ఆగిపోతాయి. వాడు బరిలో ఉంటే రెండోవాడు ఎవరో చూడనక్కర్లేదు.

చాంగ్ లీ వేషం వేసింది బోలో యంగ్. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు. ఇందులో ఆయనకి మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముఖం కూడా పెద్దగా కదలదు. గెలిచాక ఛాతీ కండల్ని ఒకటి తర్వాత ఒకటి ఎగరేస్తాడు, ప్రేక్షకుల వైపు మెల్లగా తిరుగుతాడు, అంతే. నిజజీవితంలో ఆయన బాడీ బిల్డర్, ‘మిస్టర్ హాంకాంగ్’ పోటీ గెలిచిన మనిషి. ఆ కండలు మేకప్ కాదు. ఒక బౌట్‌లో ప్రాంగ్ అనే ఫైటర్ కాలు విరిచేస్తాడు. ఎముక బయటికి వస్తుంది. మా పిల్లల్లో ఇద్దరు తల పక్కకి తిప్పుకున్నారు. నా కళ్లు మాత్రం చాంగ్ లీ ముఖం మీద ఉంటాయి. కోపం లేదు, సంతోషం లేదు. పని అయిందన్నట్టు చూస్తాడు.

ఆయనకి ముందు నుంచే ఇలాంటి సినిమాతో బంధం ఉంది. 1973లో బ్రూస్ లీ ‘ఎంటర్ ది డ్రాగన్’లోనూ ఒక టోర్నమెంట్ జరుగుతుంది, అందులో ఈయన ఒక ఫైటర్. ఆ పాత్ర పేరు కూడా బోలోయే. అందులో ప్రత్యర్థి గాల్లోకి చెక్క ఎగరేసి పగలగొట్టి చూపిస్తే, బ్రూస్ లీ చెక్కలు తిరిగి కొట్టవని చెబుతాడు. పదిహేనేళ్ల తర్వాత ‘బ్లడ్‌స్పోర్ట్’లో ఫ్రాంక్ ఇటుకలు పగలగొట్టినప్పుడు, ఇటుక తిరిగి కొట్టదని ఎద్దేవా చేసేది ఈ బోలో యంగే. బ్రూస్ లీ మాట ఇప్పుడు విలన్ నోట్లోకి వచ్చింది. ఇంకో సంగతి, ఇందులో గురువు తనాకాగా చేసిన రాయ్ చావో ఆ సినిమాలో షావొలిన్ మఠాధిపతి. హాంకాంగ్ సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్లకి ఈ రెండు ముఖాలూ ఒకే చోట కనిపించడం ఎంత సంతోషమో చెప్పలేను.

ఆ ఇటుకల సీను కూడా చెప్పాలి. తనాకా శిష్యుడినంటే నిర్వాహకులు నమ్మరు. డిమ్ మాక్, అంటే పైన తాకి లోపల దెబ్బ దించే విద్య, చేసి చూపించమంటారు. ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పైన కొట్టాలి, అడుగున ఉన్నది మాత్రమే పగలాలి. ఫ్రాంక్ అరచెయ్యి ఇటుకకి ఆనించి, తీసి, మళ్లీ ఆనించి, ఊపిరి బిగబడతాడు. దెబ్బ పడుతుంది, అడుగు ఇటుక పొడి అవుతుంది, పైవి చెక్కుచెదరవు. అలా జరగదని నాకు తెలుసు. ఇటుకలు పగలగొట్టడం నేనూ నేర్పుతాను, పగిలేది ఎప్పుడూ పైదే ముందు. అయినా ఆ సీను నాకిష్టం. దెబ్బకి ముందు ఆ చెయ్యి తూకం చూసుకోవడం ఉందే, అది నిజం. బోర్డు ముందు నిలబడ్డ ప్రతి పిల్లవాడూ చేసేది అదే.

నాకు బాగా దగ్గరైన భాగం మాత్రం జాక్సన్‌ది. డొనాల్డ్ గిబ్ వేసిన ఆ పాత్ర ఆజానుబాహువు, గడ్డం, తలకి గుడ్డ. విద్య పెద్దగా లేదు, వీధి తగాదా తీరు. ఫ్రాంక్‌కి హాంకాంగ్‌లో దొరికిన మొదటి స్నేహితుడు. వాళ్లిద్దరికీ హోటల్లో ఒక వీడియో గేమ్ దగ్గర పరిచయమవుతుంది. రెండో రోజు జాక్సన్‌కి చాంగ్ లీతో పడుతుంది. మొదట జాక్సన్‌దే పైచెయ్యి. గట్టి దెబ్బ వేసి చాంగ్ లీని కింద పడేస్తాడు. పడేసి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తి జనం వైపు చూస్తాడు. జనం అరుస్తున్నారు. అతని వీపు వెనక చాంగ్ లీ మెల్లగా లేస్తున్నాడు. మనకి కనిపిస్తోంది, జాక్సన్‌కి కనిపించడం లేదు.

కరాటేలో దీనికి ఒక మాట ఉంది, జాన్షిన్. దెబ్బ వేశాక కూడా చూపు ఎదుటివాడి మీంచి తియ్యకపోవడం. పోటీల్లో పాయింట్ ఇచ్చే ముందు రెఫరీ చూసేవాటిలో అదొకటి. ఎంత చక్కటి దెబ్బ వేసినా, వేసి వెనక్కి తిరిగితే పాయింట్ రాకపోవచ్చు. ఇరవై రెండేళ్లుగా దీన్ని పిల్లలకి చెబుతూనే ఉన్నాను. ఆ రోజు జాక్సన్ చేతులెత్తిన క్షణంలో మా ఆరుగురిలో ముగ్గురు ఒక్కసారే “మాస్టర్, జాన్షిన్!” అన్నారు. తర్వాత జరిగేది చూడటం కష్టం. చాంగ్ లీ అతని తల మీద కాలితో తొక్కుతాడు. జాక్సన్ ఆసుపత్రి పాలవుతాడు. అతని తలగుడ్డని చాంగ్ లీ తీసుకుంటాడు.

దీన్ని చూసినప్పుడల్లా నాకు నా మొదటి జిల్లా పోటీ గుర్తొస్తుంది. పందొమ్మిదేళ్లు నాకు. డ్రా షీట్‌లో సెమీఫైనల్లో ఎవడు తగులుతాడో ఉదయమే తెలిసిపోయింది. పొడుగ్గా, సన్నగా ఉన్న కుర్రాడు. వాడు మొదటి రౌండ్‌లో ఒకణ్ణి కడుపులో తన్ని లేవకుండా చేశాడు. రెండో రౌండ్‌లో ఇంకొకడికి ముక్కు పగిలింది. నా బౌట్ మధ్యాహ్నం మూడింటికి. పొద్దున పది నుంచి మూడు దాకా నాకు నోట్లో తడి లేదు. అన్నం ముద్ద దిగలేదు. చూడలేక హాలు బయటికెళ్లి మెట్ల మీద కూర్చుంటే మా మాస్టర్ వచ్చి, “లోపలికొచ్చి చూడరా. చూడకపోతే వాడు నీ బుర్రలో ఇంకా పెరుగుతాడు” అన్నారు. లోపలికెళ్లి చూశాను. బౌట్ నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాను. ఆ ఓటమి ఎలా జరిగిందో పెద్దగా గుర్తు లేదు. ఆ ఐదు గంటలు మాత్రం నిమిషం నిమిషం గుర్తున్నాయి. టోర్నమెంట్ అంటే అదే. దెబ్బ ఒక్క క్షణం ఉంటుంది, మన పేరు పిలిచే దాకా కూర్చోవడమే అసలు పోరాటం. ఆ కూర్చోవడాన్ని ఇంత బాగా చూపించిన సినిమా ఇంకోటి నేను చూడలేదు.

మూడో రోజు చాంగ్ లీ ఒక ప్రత్యర్థిని చంపేస్తాడు. అప్పటి దాకా రక్తం కోసం అరిచిన జనం మౌనంగా లేచి వాడికి వీపు తిప్పుతారు. అరుపులు లేవు, పాట లేదు. వాడు ఒక్కడే వేదిక మీద. ఇంత మోటు సినిమాలో అంత సున్నితమైన సీను ఎవరు రాశారో, వాళ్లకి నా నమస్కారం.

చివరి ఫైట్ గురించి అందరికీ తెలిసిందే. చాంగ్ లీ నడుం దగ్గర దాచిన మాత్ర నలిపి, ఆ పొడి ఫ్రాంక్ కళ్లలో కొడతాడు. ఫ్రాంక్‌కి చూపు పోతుంది. ముఖం నిండా కెమెరా, స్లో మోషన్‌లో ఆ కేక. వాన్ డామ్ నటన బాగోదని చాలామంది అంటారు, ఈ కేకనే ఉదాహరణగా చెబుతారు. నేను ఒప్పుకోను. కళ్లు పోయినవాడి భయం అంత వికారంగానే ఉంటుంది. తర్వాత గురువు కళ్లకి గంతలు కట్టి నేర్పింది గుర్తు తెచ్చుకుని, శబ్దాన్ని బట్టి తలపడతాడు. సినిమా మొదట్లో ఆ గంతల శిక్షణ చూపించినప్పుడు మా పిల్లలు బోర్ కొట్టి ఫోన్లు చూసుకున్నారు. ఇక్కడ వాళ్ల ఫోన్లు ఎక్కడున్నాయో వాళ్లకే తెలియదు.

వాన్ డామ్ కాళ్ల గురించి ఒక కరాటే మాస్టర్‌గా చెప్పాలి. బ్రస్సెల్స్‌లో షోటోకాన్ కరాటే నేర్చుకున్నాడు, దాంతోపాటు కొన్నేళ్లు బాలే నాట్యం కూడా. ఆ రెండూ కలిసిన చోట ఆ కిక్ పుట్టింది. అతను గాల్లోకి లేచి తిరిగి తన్నేటప్పుడు తుంటి ముందు తిరుగుతుంది, మోకాలు తర్వాత, పాదం ఆఖరున. దర్శకుడు దాన్ని స్లో మోషన్‌లో సాగదీసి చూపిస్తాడు, అందుకని ప్రతి భాగం విడివిడిగా తెలుస్తుంది. పాజ్ నొక్కి పిల్లలకి చూపించాను. నేల వదిలే ముందు కాలి మడమ ఎటు తిరిగిందో చూడండి, అదొక్కటి నేర్చుకుంటే చాలన్నాను. ఇక సుమోవాడితో తలపడేటప్పుడు కాళ్లు రెండు వైపులా చాపి కిందికి జారి కొట్టే దెబ్బ ఉంది. 1992లో వచ్చిన ‘మోర్టల్ కాంబాట్’ గేమ్‌లో జానీ కేజ్ అనే పాత్ర వేసేది ఆ దెబ్బే. ఆ పాత్రకి మూలం ఈ సినిమాలోని వాన్ డామ్.

ఒక హెచ్చరిక. ఫ్రాంక్‌ని తాళ్లతో కట్టి కాళ్లు లాగించే సీను, రెండు కుర్చీల మీద చెరో కాలు పెట్టి కూర్చునే సీను ఇంట్లో చేసి చూడొద్దు. ఈ సినిమా చూసి అలా చేసి తొడ వెనక కండరం చింపుకున్న కుర్రాణ్ణి నేను చూశాను, ఆరు నెలలు సరిగ్గా నడవలేదు. ఆ సాగుదల ఏళ్ల తరబడి రోజూ చేస్తే వచ్చేది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. విలేకరిగా వచ్చే అమ్మాయి పాత్రకి పనే లేదు. సైన్యం పంపిన ఇద్దరు అధికారులు వీధుల్లో ఫ్రాంక్ వెనక పరుగెత్తే సీన్లు సాగుతాయి. ఆ ఇద్దరిలో ఒకరు ఫారెస్ట్ విటేకర్, తర్వాత ఉత్తమ నటుడిగా ఆస్కార్ గెలుచుకున్నారు. ఇక్కడ ఆయన్ని వాడుకోలేదు. అరబ్బు ఫైటర్‌ని ఆడవాళ్ల వెంటపడేవాడిగా, నల్లజాతి ఫైటర్‌ని జంతువులా చూపించడం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. పిల్లలకి ఆ మాట విడిగా చెప్పాను.

ఇంకొకటి, ఇది నిజంగా జరిగిన కథ అని సినిమాలో వేస్తారు. ఫ్రాంక్ డ్యూక్స్ అనే మనిషి నిజంగానే ఉన్నారు, ఈ సినిమాకి ఫైట్లు సమకూర్చింది కూడా ఆయనే. చివర్లో ఆయన పేరున రికార్డులు కూడా వేస్తారు: 329 పోటీలు, 3.2 సెకన్లలో నాకౌట్, ఇలా. సినిమా వచ్చిన ఏడాదే లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఆయన చెప్పుకున్నవాటిని గట్టిగా ప్రశ్నించింది. ఆయన ఆ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో నేను ఆ అంకెలన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత విషయం తెలిసి బాధపడ్డాను. కానీ సినిమా మీద ఇష్టం తగ్గలేదు. మెట్ల మీద కూర్చున్న నా ఐదు గంటలు అబద్ధం కాదు, ఈ సినిమా చూపించింది అవే.

అబద్ధం కానిది ఇంకోటి కూడా ఉంది ఇందులో. ఫైటర్లు పోటీ జరిగే చోటికి వెళ్లే సందులు. అది కౌలూన్ వాల్డ్ సిటీ, హాంకాంగ్‌లో జనం కిక్కిరిసి బతికిన ఇరుకు బస్తీ. సెట్ కాదు, నిజంగా అక్కడే తీశారు. తల మీద చిక్కుముడులుగా కరెంటు వైర్లు, నీళ్లు కారే గొట్టాలు, పగలు కూడా చీకటి. 1990ల మొదట్లో హాంకాంగ్ ప్రభుత్వం దాన్ని మొత్తం కూల్చేసి పార్కు కట్టింది. ఇప్పుడు ఆ సందుల్ని చూడాలంటే ఇలాంటి సినిమాల్లోనే చూడాలి.

డొనాల్డ్ ట్రంప్‌కి ఈ సినిమా ఇష్టమట. 1997లో న్యూయార్కర్ పత్రికలో వచ్చిన వ్యాసంలో, విమానంలో ఈ క్యాసెట్ పెట్టించి, కథ ఉన్న చోట్ల ఫార్వర్డ్ చేయమని కొడుక్కి చెప్పి, ఫైట్లే చూశారని రాశారు. దయచేసి అలా చూడకండి. ఫైట్లు మాత్రమే కావాలంటే ఫోన్‌లో ఐదు నిమిషాల ముక్కలు బోలెడు దొరుకుతాయి, వాటిలో ఇంతకంటే వేగంగా కొట్టేవాళ్లూ ఉన్నారు. ఈ సినిమాలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఫైటర్లు గట్టు మీద కూర్చుని పక్కవాణ్ణి చూస్తుంటారు. ఫార్వర్డ్ చేస్తే పోయేది అదే. అది పోతే చాంగ్ లీ ఉత్త కండల మనిషి.

పదహారు దాటిన పిల్లలతో చూడొచ్చు. రక్తం ఉంది, ఒకట్రెండు పడక సీన్లున్నాయి, వాటిని దాటించుకోండి. వీలైతే పెద్ద టీవీలో, సౌండ్ కాస్త పెంచి, నలుగురితో కలిసి చూడండి. ఒంటరిగా చూస్తే ఆ పందేలు కాయడం ఉండదు. స్టాన్ బుష్ పాడిన పాట వచ్చినప్పుడు వాల్యూమ్ తగ్గించకండి, ఆ పాటతో నేను ఎన్ని తెల్లవారుజాములు పరుగెత్తానో.

మా ఇంట్లో సినిమా అయ్యేసరికి రాత్రి పదిన్నర. మా ఆవిడ పిల్లలకి మజ్జిగ ఇచ్చింది. ఎవరూ లేవలేదు. చెప్పులేసుకోబోయినవాడు కూడా మళ్లీ వచ్చి కూర్చున్నాడు. “మాస్టర్, జాక్సన్ బౌట్ ఇంకోసారి పెట్టండి” అన్నారు. పెట్టాను. అతను చేతులెత్తే చోట ఈసారి ఎవరూ మాట్లాడలేదు.